నా రిపోర్టు ముందు నేను చదవాలి

విశాఖపట్నంలోని ఆసుపత్రుల, డయాగ్నస్టిక్ సెంటర్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను కంచరపాలెంలో ఉంటాను. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. గుండె బొమ్మ, మూత్రపిండం బొమ్మ బోర్డు మీద కొన్ని వందల సార్లు గీసి ఉంటాను. ఒంట్లో ఒక కణం అదుపు తప్పి పెరిగిపోవడం అంటే ఏమిటో పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలను. అయినా నా ఒంట్లోనే అది జరుగుతోందన్న సంగతి మా ఇంట్లో అందరికన్నా ఆఖరున తెలిసింది నాకే.

రెండేళ్ల కిందట ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. మామోగ్రామ్ తీశారు. సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. ఆ రోజు తోడు రావడానికి మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర తనే వరుసలో నిలబడ్డాడు. ఫోను నంబరు అడిగితే తనది చెప్పాడు. మన వైపు ఏ కొడుకైనా, ఏ కూతురైనా అదే చేస్తారు. ఫారంలో ఫోను నంబరుకు ఉన్న గడి ఒక్కటే.

గురువారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక రిపోర్టు లింకు వాడి ఫోనుకు వచ్చింది. ఓటీపీ కూడా ఆ ఫోనుకే వచ్చింది. తెరిచి చూస్తే 'కార్సినోమా' అన్న మాట కనిపించింది, అంటే క్యాన్సర్. వాడు భార్యకు చెప్పాడు, హైదరాబాదులో ఉన్న అక్కకు చెప్పాడు, తెలిసిన డాక్టరుకు పీడీఎఫ్ పంపాడు. నాకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు సోమవారం. అంతవరకు ఎలాగో గడిపేద్దామని అనుకున్నారు. శుక్రవారం మా అమ్మాయి ఫోను చేసి, సెలవు దొరికింది వస్తున్నానని చెప్పింది. పిల్లలిద్దరూ ఒకేసారి ఇంట్లో ఉన్నారన్న సంతోషంతో శనివారం పులిహోర కలిపి, పనసపొట్టు కూర చేశాను. ఎవరూ సరిగా తినలేదు. ఆదివారం సాయంత్రం బీచి రోడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని నడిచాడు. చిన్నప్పుడు తప్ప వాడెప్పుడూ అలా నడవలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

సోమవారం డాక్టరు గారు మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన ఇంకా ఆ మాట అనకముందే మా అమ్మాయి తల దించుకుని ఏడ్చింది. తనకు అది కొత్త సంగతి కాదని అప్పుడు తెలిసింది. వ్యాధి పేరు వినడం ఒక దెబ్బ. నాలుగు రోజులుగా నా చుట్టూ ఉన్నవారందరికీ తెలిసి నాకు మాత్రమే తెలియలేదన్నది ఇంకో దెబ్బ. ఆపరేషన్, కీమోథెరపీ అయ్యాయి, ఇప్పుడు బాగున్నాను. మొదటి దెబ్బ చాలావరకు మానింది. రెండోది మానలేదు.

ఆ ఆసుపత్రి పేరు నేను రాయను. ఒక్క ఆసుపత్రి గురించి ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. నగరంలో నేను వెళ్లిన ప్రతి చోటా ఫారంలో అదే ఒక్క గడి చూశాను. మా అబ్బాయి మీద కూడా నాకు కోపం లేదు. వాడు భయపడ్డాడు. కానీ ఆ రాత్రి నా బదులు వాడు భయపడవలసిన అవసరాన్ని కల్పించింది మీ కంప్యూటర్‌లోని ఆ ఏర్పాటే. రోగి ఎవరు, ఫోను ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు అది ఒకే జవాబు అనుకుంటోంది. ఆ ఒక్క తప్పును సరిచేయమని అడగడానికే ఇదంతా రాస్తున్నాను.

చికిత్స అయ్యాక మా వీధిలో నాకు ఒక పని అబ్బింది. సాయంత్రం మా ఇంటి మెట్ల మీద కూర్చుంటే ఎవరో ఒకరు ఫోను పట్టుకుని వస్తారు. "టీచరు గారూ, రిపోర్టు వచ్చిందట, తెరవడం రావడం లేదు" అంటారు. తెరిచి ఇస్తాను. అందులో ఉన్న మాటలకు అర్థం చెబుతాను. జబ్బు గురించి, మందుల గురించి మాత్రం నోరు విప్పను, అది డాక్టరు పని. ఈ రెండేళ్లలో నేను చూసినవి మీకు చెప్పాలి, ఎందుకంటే మీ కౌంటర్లు సాయంత్రానికి మూసేస్తారు, ఆ తర్వాత మా మెట్ల దగ్గర జరిగేది మీ దాకా రాదు.

ముందు పాస్‌వర్డు సంగతి. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పక్కనే పుట్టిన సంవత్సరం అని మెసేజీలో ఉంటుంది. ఏ పేరులో మొదటి నాలుగు అక్షరాలు? మనకు ఇంటి పేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఏది ముందు కొట్టిందో మాకు తెలియదు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. ఇక పుట్టిన సంవత్సరం. పెద్దవాళ్లను కౌంటర్‌లో వయసు అడుగుతారు. వాళ్లు "అరవై ఉంటాయమ్మా" అంటారు. కంప్యూటర్ ఈ ఏడాది నుంచి అరవై తీసేసి ఒక సంవత్సరం లెక్కగడుతుంది. ఆధార్ కార్డులో ఇంకో సంవత్సరం ఉంటుంది. మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఆయన రిపోర్టు తెరవడానికి ఒకసారి నేను పదకొండు రకాలుగా ప్రయత్నించాను. పన్నెండోసారికి లింకు పని చేయడం మానేసింది. తెల్లవారి ఆయన బండి వదిలి, ఆటో ఎక్కి, కాగితం తెచ్చుకోవడానికి వెళ్లాడు. ఒక పూట సంపాదన పోయింది.

ఇది చిన్న సంగతే. నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి నెలసరి సరిగా రావడం లేదని హార్మోన్ల పరీక్ష చేయించుకుంది. నంబరు మామగారిది ఇచ్చారు, ఇంట్లో ఎప్పుడూ రీచార్జి ఉండే ఫోను అదే కనుక. రిపోర్టు ఆయనకు వెళ్లింది. ఆయన చదివాడు, అర్థం కాక పక్కింటి వారికి చూపించాడు. వారం తిరిగేసరికి ఆ అమ్మాయికి పిల్లలు పుట్టరన్న మాట వీధంతా పాకింది. రిపోర్టులో అలాంటి మాట ఎక్కడా లేదు. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి అడిగింది ఒక్కటే: "నా రక్తం కదా టీచరు గారూ, నన్ను అడగకుండా ఆయనకు ఎందుకు పంపారు?" నేను జవాబు చెప్పలేకపోయాను. మీరు చెప్పగలరా?

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి మా వీధిలో చెల్లెలింట్లో ఉంటూ వైద్యం చేయించుకున్న ఒక కొబ్బరి రైతు. ఉద్దానంలో ఎంతోమందిని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి, అయినా విశాఖ దారి పట్టేవారు ఇంకా ఉన్నారు. కిడ్నీల పనితీరు తగ్గితే రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. ఒక్క రోజు అది ఎంత ఉందన్న దానికన్నా ఆరు నెలల్లో అది ఎలా మారిందన్నది ముఖ్యం. ఈయన ఐదు చోట్ల పరీక్షలు చేయించుకున్నాడు. ఫోనులో ఐదు లింకులు ఉన్నాయి. మూడు లింకుల గడువు ముగిసిపోయింది. మిగిలిన రెండింటిలో ఒకటి 1.8, ఇంకొకటి 3.1. ఈ రెండింటి మధ్య ఏ నెలలో ఎంత పెరిగిందో డాక్టరు అడిగితే ఆయన దగ్గర ఉన్నది జ్ఞాపకం ఒక్కటే. కాగితం ఇచ్చే రోజుల్లో ఆయన వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డబ్బా మీద దాచుకునేవాడట. మీరు కాగితం మానేసి లింకు ఇచ్చారు, ఆ లింకుకు ఆయుష్షు పెట్టారు. పాడేరు, అరకు నుంచి వచ్చేవారి గతి ఇంకా కష్టం. వాళ్లు కొండ మీద ఊరికి తిరిగి వెళ్లేసరికి ఫోనుకు సిగ్నల్ ఉండదు. సిగ్నల్ దొరికే రోజు సంత రోజే. ఆ లోపల లింకు చచ్చిపోతుంది.

మీలో డాక్టర్లు కూడా ఉన్నారు. మీ వైపు మాట నేను విన్నాను, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. రోగి రాత్రిపూట ఒంటరిగా రిపోర్టు తెరిచి, అర్థం కాని మాట చూసి, తెల్లవార్లూ కుమిలిపోతే ఎవరు బాధ్యులు? అందుకని డాక్టరు చూశాకే ఇవ్వాలని కొందరంటారు. ఈ భయం నిజమైనదే. మా ఎదురింటావిడ గర్భసంచి బయాప్సీ రిపోర్టులో 'మాలిగ్నెన్సీ' అన్న మాట చూసి కుప్పకూలిపోయింది. ఆ మాటకు ముందు 'నెగెటివ్' అని ఉంది. అంటే క్యాన్సర్ లేదని. కానీ 'నెగెటివ్' అంటే చెడ్డ మాట, 'పాజిటివ్' అంటే మంచి మాట అని లోకమంతా నేర్పింది కదా! ల్యాబు భాషలో అది తలకిందులు. ఆమెకు ఆ రాత్రి అవసరమైంది ఒక్క వాక్యం, తెలుగులో.

ఈ వాదన ఇతర దేశాల్లో కూడా జరిగింది. అమెరికాలో 2016లో చేసిన ఒక చట్టం కింద, 2021 ఏప్రిల్ 5 నుంచి, పరీక్ష ఫలితాలు సిద్ధం కాగానే రోగికి పోర్టల్‌లో కనబడాలి, అకారణంగా ఆపకూడదు. అక్కడి డాక్టర్లు కూడా ఇలాగే భయపడ్డారు. తర్వాత నాలుగు పెద్ద వైద్య కేంద్రాల్లో ఎనిమిది వేల మందికి పైగా అడిగి చేసిన అధ్యయనం 2023లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డాక్టరు చూడకముందే అయినా సరే, ఫలితం వెంటనే కావాలన్నవారు నూటికి 95 మందికి పైగా. ఫలితం బాగాలేని వారిలో కూడా అదే మాట. అయితే ముందుగా చూడడం వల్ల ఆందోళన పెరిగిందన్నవారు ఫలితం బాగున్నవారిలో నూటికి ఐదుగురైతే, బాగాలేని వారిలో పదహారు మందికి పైగా ఉన్నారు. ఆందోళన ఉంది, అయినా మాకు కావాలి అన్నారు. అమెరికా మన దేశం కాదు, అక్కడి ఇళ్లు మన ఇళ్లు కావు. కానీ మా మెట్ల మీద కూర్చునేవారిని అడిగితే కూడా ఇదే చెబుతారు. తెలియని రాత్రి కన్నా తెలిసిన రాత్రే నయం.

భయం పుట్టించేది ఫలితం ఒక్కటే కాదు, దాన్ని చూపించే తీరు కూడా. మీ రిపోర్టులో హద్దు దాటిన ప్రతి అంకె పక్కన ఎర్ర అక్షరం పెడతారు. ఆ హద్దు ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పరు. నా పాత అలవాటు ప్రకారం లెక్క చెబుతాను, క్షమించండి. చాలా పరీక్షల్లో ఆరోగ్యంగా ఉన్నవారిని తీసుకుని, నూటికి 95 మంది ఫలితాలు ఇమిడే మధ్య భాగాన్ని మామూలు పరిధిగా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేకపోయినా నూటికి ఐదుగురు ఆ గీత బయటే ఉంటారు. ఇప్పుడు ఒక మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేశారనుకోండి. ఇరవై 0.95లను ఒకదానితో ఒకటి గుణిస్తే సుమారు 0.36 వస్తుంది, ఒక్క ఎర్ర అక్షరమూ రాకుండా ఉండే అవకాశం అది. అంటే నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక్క ఎర్ర అక్షరమైనా కనిపించే అవకాశం మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంది. మీరు మాస్టర్ చెకప్ పేరుతో అరవై, డెబ్బై పరీక్షలు ఒక్కసారి చేస్తారు. ఎర్ర అక్షరం లేకుండా బయటపడేవారు అరుదు. మా వీధిలో కుర్రవాళ్లు ఆ రిపోర్టు ఫోటో తీసి ఫోనులోని ఏఐని అడుగుతున్నారు. అది చెప్పింది చదివి ఇంకా భయపడుతున్నారు.

ఇంకా విచిత్రం ఏమిటంటే గీతను వెంట్రుకవాసి దాటిన అంకెకూ ప్రాణం మీదికి తెచ్చే అంకెకూ అదే ఎర్ర అక్షరం. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, గంటల్లో చూడవలసిన సంగతి అది. అదే పొటాషియం, రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చిట్లినా, శాంపిల్ ఆలస్యమైనా ఎక్కువగా కనిపిస్తుంది, అప్పుడు మళ్లీ రక్తం ఇస్తే చాలు. ఈ తేడా చెప్పడం లింకు వల్ల కాదు, మనిషి చెప్పాలి. ప్రాణాపాయం సూచించే ఫలితం వస్తే ల్యాబు వెంటనే డాక్టరుకో, బాధ్యుడికో తెలియజేయాలని వైద్య ప్రయోగశాలల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 చెబుతోంది. దాన్ని పాటిస్తున్నామని మీలో చాలామంది బోర్డు మీద రాసుకున్నారు. మంచిది. కానీ డాక్టరు చీటీ లేకుండా నేరుగా ల్యాబుకు వచ్చి రక్తం ఇచ్చే వేల మంది సంగతి ఏమిటి? వాళ్లకు ఫోను చేయాలి. ఆ ఫోను రోగికే వెళ్లాలి.

చట్టం ఏం చెబుతోందో కూడా ఒక్కసారి గుర్తు చేయనివ్వండి, ఎందుకంటే కౌంటర్ దగ్గర "అది మా సిస్టమ్‌లో లేదమ్మా" అన్న జవాబు నేను చాలాసార్లు విన్నాను. డాక్టర్ల వృత్తి ప్రవర్తన మీద 2002లో వచ్చిన భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉన్న పదిహేడు హక్కుల్లో రికార్డులు, రిపోర్టులు పొందే హక్కు ఒకటి, గోప్యత ఒకటి. హెచ్ఐవీ పరీక్షకు ముందు, తర్వాత కౌన్సెలింగ్ ఉండాలని, సమ్మతి లేకుండా ఆ సంగతి ఇంకొకరికి చెప్పకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. ఇంటిల్లిపాదీ వాడే ఫోనుకు ఆ ఫలితం లింకుగా వెళితే సమ్మతి ఎవరిచ్చినట్టు? 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. తన సమాచారం ఏముందో తెలుసుకోవడం, తప్పుంటే సరిదిద్దించుకోవడం, తాను అశక్తురాలైనా మరణించినా తన తరఫున ఎవరు వ్యవహరించాలో చెప్పుకోవడం ఆ చట్టం మనిషికి ఇచ్చిన హక్కులు. ఎవరు వ్యవహరించాలో చెప్పేది మనిషి, క్యూలో నిలబడినవారు కాదు.

2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ వచ్చింది. ఆభా అనే పద్నాలుగు అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఉంటే వేర్వేరు చోట్ల చేయించుకున్న పరీక్షలు ఒక్కచోట కనిపిస్తాయి. రోగి ఒప్పుకుంటేనే వాటిని ఇంకొకరు చూడగలరు. ఉద్దానం రైతుకు కావలసింది అదే. అయితే మీరు మీ రిపోర్టులను అందులోకి పంపితేనే అది పని చేస్తుంది. నా ఆభా నంబరు మీ ఓపీ కౌంటర్లలో చాలా చోట్ల తీసుకున్నారు, అందులో రిపోర్టు మాత్రం ఇంతవరకు ఒక్కచోటి నుంచే వచ్చింది. నంబరు తీసుకున్నవారు రిపోర్టు కూడా పంపాలి కదా.

మీకు చేతకాదని నేను అనుకోవడం లేదు. ఆంధ్రా మెడికల్ కాలేజీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లో మొదలయ్యాయి. నూరేళ్లు దాటిన వైద్య విద్య ఈ ఊరిది. ఉత్తరాంధ్ర మొత్తానికి, సరిహద్దు దాటి ఒడిశా పల్లెలకు కూడా పెద్దాసుపత్రి అంటే విశాఖే. క్యాన్సర్‌కు అగనంపూడిలో హోమీ భాభా ఆసుపత్రి ఉంది. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఇక్కడే ఉంది. ఇన్ని ఉన్న ఊరిలో ఫారంలో ఇంకో గడి పెట్టడం కష్టమా?

ఆ గడిలో నాకు కావలసింది ఇది. శాంపిల్ తీసుకునే ముందు రోగిని, పక్కన నిలబడినవారిని కాదు, రోగిని చూసి అడగండి: అమ్మా, రిపోర్టు ఎవరి ఫోనుకు పంపాలి? మీకొక్కరికేనా, ఇంకెవరికైనా కూడానా? సిద్ధం కాగానే కావాలా, డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు కావాలా? "మా అబ్బాయికి పంపండి, నేను చూడను" అనే తల్లులు ఉంటారు. అది కూడా వాళ్ల హక్కే, అలాగే చేయండి. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి. నన్ను అడిగి ఉంటే నా నంబరు చెప్పేదాన్ని. గురువారం రాత్రి నేనే చదివేదాన్ని, ఏడ్చేదాన్ని, తర్వాత పిల్లలకు నేనే ఫోను చేసేదాన్ని. వాళ్లు నన్ను ఓదార్చేవారు, నేను వాళ్లను ఓదార్చేదాన్ని. శనివారం అందరం కలిసి అన్నం తినేవాళ్లం.

సొంత ఫోను లేనివారికి కాగితం ఇవ్వండి, అడిగించుకోకుండా ఇవ్వండి. కవరు అంటించి, మీద పేరు రాసి ఇవ్వండి. బయాప్సీ లాంటి పరీక్షలకు శాంపిల్ తీసిన రోజే డాక్టరు అపాయింట్‌మెంటు కూడా ఖాయం చేయండి, రిపోర్టు వచ్చిన మర్నాటికి. గురువారానికీ సోమవారానికీ మధ్య ఎవరినీ వేలాడదీయకండి. లింకుకు గడువు తీసేయండి, లేదా గడువు ముగిసినా ఓపీ నంబరు చెబితే మళ్లీ ఇచ్చే ఏర్పాటు చేయండి. పాస్‌వర్డును కౌంటర్ దగ్గరే రోగి చేత పెట్టించండి, ఆమె మనవరాలి పేరైనా, ఊరి పేరైనా ఆమెకు గుర్తుండేది.

తెలుగు సంగతి చివరికి ఉంచింది చిన్నదని కాదు. పరీక్షల పేర్లు, అంకెలు డాక్టర్ల కోసం ఇంగ్లీషులో ఉండనివ్వండి, వాటిని తెలుగు చేసి గందరగోళం చేయవద్దు. వాటితో పాటు ఒక పేజీ తెలుగులో కావాలి: ఈ పరీక్ష దేనికి చేశారు, ఈ ఫలితం గీతకు ఎంత దూరంలో ఉంది, ఇది వెంటనే డాక్టరును కలవవలసినదా, వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగవచ్చా, అనుమానం ఉంటే ఏ నంబరుకు ఫోను చేయాలి. చదవడం రానివారికి అదే ఒక నిమిషం మాటగా రికార్డు చేసి పంపండి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్రలో వాట్సాప్ ద్వారా తెలుగులోనే పౌరసేవలు ఇస్తున్నారు. కరెంటు బిల్లు తెలుగులో అడగగలిగిన మనిషి తన రక్తం గురించి తెలుగులో తెలుసుకోలేకపోవడం నాకు బాధగా ఉంది. అయితే ఆ పేజీని యంత్రానికి వదిలేయకండి. 'నెగెటివ్' అన్న చోట 'ప్రతికూలం' అని రాసి పెడితే మా ఎదురింటావిడ మళ్లీ కుప్పకూలుతుంది. 'క్యాన్సర్ కనిపించలేదు' అని రాయండి. డాక్టరు ఒకరు, తెలుగు బాగా తెలిసినవారు ఒకరు కలిసి కూర్చుంటే కొన్ని వారాల పని ఇది.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. ప్రైవేటు ఆసుపత్రులను తనిఖీ చేయడానికి వెళ్లినప్పుడు ఫారం కూడా తీసి చూడమని వారిని అడుగుతున్నాను. నగరంలోని భారతీయ వైద్య సంఘం సభ్యులకు కూడా ఒక ప్రతి పంపుతున్నాను. వారి మాట మీలో చాలామంది వింటారు.

మీరు తెలుగు పేజీ తయారుచేస్తే, అచ్చుకు ఇచ్చే ముందు మాకు చూపించండి. మా మెట్ల మీద సాయంత్రం ఆరు నుంచి ఏడెనిమిది మంది కూర్చుంటాం. ఇస్త్రీ బండి ఆయన ఉంటాడు. ఎదురింటావిడ ఉంటుంది. ఆ అమ్మాయి ఉంటుంది, ఇప్పుడు తన పేరు మీద సిమ్ తీసుకుంది. ఉద్దానం రైతు చెల్లెలు ఉంటుంది. ఒక్కొక్కరి చేత చదివించి, ఎక్కడ ఆగిపోయారో, ఏ మాట దగ్గర భయపడ్డారో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి మీకు తిరిగి పంపిస్తాను. జవాబు పత్రాలు దిద్దిన చెయ్యి ఇది, ఆలస్యం చేయను.

ఇట్లు,
ఒక రోగి, విశ్రాంత ఉపాధ్యాయురాలు
కంచరపాలెం, విశాఖపట్నం